కొలిమిలో పుట్టిన ఇంటిపేరు

మా అవ్వ ఊరు అనంతపురం జిల్లాలో ఉంది. బళ్ళారి నుంచి సెలవులకు పోయినప్పుడల్లా వాళ్ళింట్లో గోడమీద ఒక తెల్లదొర ఫోటో చూస్తుంటాను. ఎవరని అడిగితే, "ఫాదర్ ఫెర్రర్. మా ఊరికి ఇండ్లు కట్టిచ్చిన పుణ్యాత్ముడు" అని అవ్వ చెప్పింది. ఆయన ఇంటిపేరుకు అర్థమేమిటో తెలుసుకుందామని పుస్తకాలు చూశాను. ఫెర్రర్ అంటే కమ్మరి అట!

మా తాత కూడా కమ్మరే. కొడవళ్ళు, మడక కర్రులు చేసేవాడు. బళ్ళో ఎవరైనా అడిగితే ఆ సంగతి చెప్పడానికి నాకు సిగ్గుగా ఉండేది. అందుకే ఈ పేరు చరిత్ర రాస్తున్నాను.

స్పెయిన్ దేశం ఒకప్పుడు రోమన్ల పాలనలో ఉండేది. వాళ్ళ లాటిన్ భాషలో ఇనుమును ఫెర్రుమ్ అనీ, ఇనుప పని చేసేవాణ్ణి ఫెర్రారియుస్ అనీ అనేవారు. ఆ మాటే బార్సిలోనా వైపు మాట్లాడే కతలాన్ భాషలో ఫెర్రర్ అయింది. స్పానిష్ భాషలో మాత్రం మొదటి 'ఫ' కాస్తా 'హ' అయి, తర్వాత ఆ 'హ' కూడా పలకడం మానేశారు. అందుకే స్పానిష్‌లో కమ్మరిని ఎర్రేరో అంటారు. రాసేటప్పుడు మాత్రం 'హ' అక్షరం ఇప్పటికీ ఉంటుంది. మాకు ఇది వింత కాదు. మేము ఇంట్లో పాలు, పులి అంటాం, వీధిలోకి వస్తే కన్నడంలో హాలు, హులి అంటాం. ఇటలీలో ఫెర్రారి అనే ఇంటిపేరు కూడా ఈ ఇనుము నుంచే వచ్చింది.

మధ్యయుగాల్లో ఒకే ఊళ్ళో ఒకే పేరు గలవాళ్ళు చాలామంది ఉండేవారు. గుర్తు కోసం పేరు పక్కన వృత్తిని చేర్చేవారు. ఊరికి కమ్మరి ఒకరిద్దరే కాబట్టి ఆ గుర్తు బాగా పనికొచ్చింది. రానురాను అది తండ్రి నుంచి బిడ్డలకు వచ్చి ఇంటిపేరుగా నిలిచిపోయింది. పని మారినా పేరు మారలేదు. 1350లో వాలెన్సియాలో పుట్టిన సెయింట్ విన్సెంట్ ఫెర్రర్ తండ్రి దస్తావేజులు రాసేవాడు, కమ్మరి కాదు. 1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ తర్వాత చర్చిల్లో రిజిస్టర్లు రాయడం తప్పనిసరి అయ్యేసరికి ఇంటిపేర్లు ఇంకా స్థిరపడ్డాయి.

స్పెయిన్‌లో ప్రతి ఒక్కరికీ రెండు ఇంటిపేర్లుంటాయి. ఒకటి నాన్నది, ఒకటి అమ్మది. పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. మన అనంతపురం ఫెర్రర్ పూర్తిపేరు విసెంటె ఫెర్రర్ మోంచో. ఆయన 1920లో బార్సిలోనాలో పుట్టి, 1952లో మన దేశానికి వచ్చారు. మొదట మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులతో కలిసి పనిచేశారు. 1968లో దేశం వదిలి పొమ్మన్నారు. అయినా 1969లో తిరిగొచ్చి అనంతపురంలో స్థిరపడి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ స్థాపించారు. 2009లో అక్కడే కన్నుమూశారు. ఆయన సుత్తె పట్టలేదు గానీ, ఎప్పుడో ఆయన వంశంలో పట్టినవాడి గుర్తు పేరులో ఉండిపోయింది.

ఇదంతా తాతకు చెప్పాను. ఆయన నవ్వి, "అయితే ఆ దొర మనోడే!" అన్నాడు. ఇప్పుడు మా తాత ఏం చేసేవాడని ఎవరైనా అడిగితే, కమ్మరి అని గట్టిగానే చెప్తున్నాను.