ఎనిమిదికి లొంగని అణువులు

పరమాణువులు బాహ్య కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు నింపుకోవడానికే బంధం కడతాయని అష్టక నియమం చెబుతుంది. దాని వెంట వచ్చే మినహాయింపులను పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేస్తాం. నిజానికి రసాయన బంధం కథలో అసలు మలుపులన్నీ అక్కడే ఉన్నాయి.

అమెరికన్ శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయిస్ 1902లో పాఠం చెప్పేందుకు పరమాణువును ఘనాకారంలో గీసి, ఎనిమిది మూలల్లో ఎలక్ట్రాన్లను ఉంచాడు. 1916లో ఆ ఊహకు సిద్ధాంతరూపం ఇచ్చాడు. 1919 నుంచి ఇర్వింగ్ లాంగ్మ్యూర్ దాన్ని విరివిగా ప్రచారం చేశాడు.

లొంగని అణువులు అప్పటికే ఉన్నాయి. నైట్రిక్ ఆక్సైడ్‌లో వేలన్సీ ఎలక్ట్రాన్లు 11. బేసి సంఖ్య కాబట్టి రెండు పరమాణువులకూ ఎనిమిదేసి కుదరవు. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ చుట్టూ ఉన్నవి ఆరే. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో ఆరు బంధాలకు లెక్కకడితే సల్ఫర్ చుట్టూ పన్నెండు. అందుకే 1923 నాటి పుస్తకంలో లూయిస్, ఎనిమిది కన్నా ఎలక్ట్రాన్లు జంట కట్టడమే మౌలికమని తేల్చాడు.

అయినా బాహ్య కక్ష్య అప్పటికే నిండిన జడవాయువులు దేనితోనూ కలవవన్న నమ్మకం చెక్కుచెదరలేదు. వాటిలో ఒకటైన జినాన్ ఫ్లోరిన్‌తో కలుస్తుందని 1933లో రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ ఊహించినా, అమెరికాలోని కాల్‌టెక్‌లో చేసిన ప్రయోగం ఫలించలేదు.

కెనడాలోని వాంకూవర్‌లో రసాయన శాస్త్రవేత్త నీల్ బార్ట్‌లెట్ చేతిలో ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్‌ను లాగేసింది. అందుకు కావలసిన అయనీకరణ శక్తి 12.07 ఎలక్ట్రాన్ వోల్టులు. పట్టికలో చూస్తే జినాన్‌కు 12.13. తేడా స్వల్పం! అంటే జినాన్ నుంచి కూడా ఎలక్ట్రాన్‌ను లాగవచ్చు. 1962 మార్చి 23 సాయంత్రం ప్రయోగశాలలో ఆయన ఒక్కడే ఉన్నాడు. రెండు వాయువుల మధ్య ఉన్న గాజు అడ్డును పగలగొట్టాడు. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ముదురు ఎరుపు ఆవిరి రంగులేని జినాన్‌ను తాకగానే పసుపు, నారింజ కలిసిన ఘనపదార్థం పేరుకుంది. ఎవరికైనా చూపిద్దామని బయటికొస్తే, అందరూ భోజనాలకు వెళ్లిపోయారు.

అదే ఏడాది అమెరికాలోని ఆర్గోన్ జాతీయ ప్రయోగశాల జినాన్ టెట్రాఫ్లోరైడ్ స్ఫటికాలను తయారుచేసింది.

కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ లాంటి చిన్న పరమాణువుల లోకంలో అష్టక నియమం నమ్మదగిన దారిదీపం. ఎనిమిదికి మించి పట్టేంత చోటు వాటి చుట్టూ లేదు. పరమాణువు పెద్దదైనకొద్దీ ఆ కట్టుబాటు సడలుతుంది. తరగతిలో ఈ హద్దును కూడా నియమంతో పాటే నేర్పాలి. పట్టికలోని రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసే విద్యార్థే రేపు కొత్త అణువును కనిపెడతాడు.