లాస్ ఏంజిలిస్ పెరటి చెత్తపొయ్యిలు

అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమందు ఒకప్పుడు పెరటి పెరటిలోను చెత్తపొయ్యి యుండెడిది. తడిచెత్తను బండ్లు కొనిపోవుచుండగా ఆకులు, కాగితములు, కొమ్మలు గృహస్థులే కాల్చుకొనెడివారు. చౌకైన పద్ధతియే. కాని 1943 జూలైలో కన్నులను మండించు పొగమంచు ఆ నగరమును క్రమ్మెను.

అచ్చట సముద్రపు చల్లగాలి అడుగున నిలువగా, పైని వెచ్చని గాలిపొర మూతవలె కప్పును. వెనుక కొండలు అడ్డు. పొగ పోవుటకు దారి లేదు. పెరటి పొయ్యిలో వేడిమియు తక్కువ, గాలియు చాలదు. పచ్చి ఆకులు వేసినచో వానిలోని నీరు ఆవిరి యగుటకే వేడిమి చాలవరకు ఖర్చగును. కావున దహనము పూర్తికాక మసి, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బనులు వెలువడును.

హైడ్రోకార్బనులు, నైట్రొజన్ ఆక్సైడులు ఎండలో చర్య నొంది ఓజోనును పుట్టించునని 1950 తరువాత హాగెన్-స్మిట్ నిరూపించెను. అనాసపండు వాసనను శోధించిన రసాయనజ్ఞు డీయనే! ముద్దాయిలలో మోటారుకారు పెద్దది. అయినను కారుకంటె ముందు శిక్ష పడినది చెత్తపొయ్యికి. 1957 అక్టోబరులో దానిని నిషేధించిరి. చెత్తబండ్లు పెరిగినవి, చెత్త గుంతలలో పూడ్చబడెను. పొగమంచు మాత్రము పోలేదు. కార్లకు ఉత్ప్రేరక పరికరములు 1975 నమూనాలతో గాని రాలేదు.