కోడిగుడ్డు ధర ఎందుకు పెరుగుతుంది? బడిలో పిల్లల గుడ్డు ఎందుకు తగ్గుతుంది?

కిరాణా దుకాణంలో గుడ్డు ధర రూపాయి పెరిగితే ఇంట్లో నెల ఖర్చు కొంచెం పెరుగుతుంది. అదే రూపాయి ప్రభుత్వ బడిలోనో, అంగన్‌వాడీలోనో పెరిగితే పిల్లాడి కంచంలో గుడ్డు ఉంటుందా లేదా అన్న ప్రశ్న వస్తుంది. 2025 డిసెంబరులో హైదరాబాద్‌లో చిల్లర ధర 8 రూపాయలను తాకినప్పుడు ఈ తేడా స్పష్టంగా కనిపించింది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణది మూడో స్థానం. అయినా ధర ఎందుకు ఎగబాకుతుంది?

రోజువారీ ధర ఎవరు చెబుతారు?

నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ (నెక్) చెబుతుంది. ఇది ప్రభుత్వ శాఖ కాదు, కోళ్ల రైతుల సంఘం. దళారులు చెప్పిన ధరకే గుడ్లు అమ్ముకోవాల్సిన పరిస్థితి మార్చేందుకు బి.వి. రావు నాయకత్వంలో 1982లో ఏర్పడింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, చిత్తూరు వంటి కేంద్రాలకు విడివిడిగా, 100 గుడ్ల లెక్కన ధర ప్రకటిస్తుంది. 600 అని ఉంటే ఒక్కో గుడ్డు 6 రూపాయలన్నమాట.

ఇది సూచన మాత్రమే. ఇంతకే అమ్మాలన్న చట్టం లేదు. ఈ ధరకు రవాణా, పగిలిన గుడ్ల నష్టం, టోకు వ్యాపారి లాభం, దుకాణదారు లాభం కలిస్తే మనం చెల్లించే ధర అవుతుంది.

ధరను పెంచేది ఏమిటి?

మొదటిది దాణా. గుడ్డు ఉత్పత్తి ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు దీనికే పోతుంది. గుడ్లు పెట్టే కోడి రోజుకు 110 గ్రాముల వరకు తింటుంది. అది రోజూ తప్పకుండా గుడ్డు పెట్టదు కాబట్టి, ఒక గుడ్డుకు 120 గ్రాములకు పైనే దాణా పడుతుంది. కిలో దాణా రూపాయి పెరిగితే గుడ్డు ఖర్చు సుమారు 12 పైసలు పెరుగుతుంది. దాణాలో ప్రధానమైనది మొక్కజొన్న. ఇప్పుడు ఇథనాల్ పరిశ్రమలూ దాన్ని పెద్దఎత్తున కొంటున్నాయి.

రెండోది గిరాకీ. శ్రావణ, కార్తిక మాసాల్లో చాలా ఇళ్లలో మాంసాహారం మానేస్తారు, ధర మెత్తబడుతుంది. చలికాలంలో ఉత్తరాది, ఈశాన్య రాష్ట్రాలకు లారీలు బారులు తీరుతాయి, ఇక్కడా ధర ఎక్కుతుంది. ఎండాకాలంలో కోళ్లు మేత తగ్గించి గుడ్లు తక్కువ పెడతాయి. అయితే అప్పుడు తినేవారూ తగ్గుతారు.

ధర పెరగ్గానే ఉత్పత్తి పెంచలేరా?

పెంచలేరు. ఈ రోజు పిల్లను తెచ్చి పెంచితే అది గుడ్డు పెట్టడానికి 18 నుంచి 20 వారాలు, అంటే దాదాపు 5 నెలలు పడుతుంది. ఆ 5 నెలలూ రైతుకు దాణా ఖర్చే తప్ప రాబడి ఉండదు. అందుకే ధర పడిపోయి నష్టం వచ్చినప్పుడు చాలామంది ముసలి కోళ్లను ముందే అమ్మేస్తారు, కొత్త బ్యాచ్ వేయరు. దాని ఫలితం నెలల తర్వాత గుడ్ల కొరతగా బయటపడుతుంది.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోళ్లు చనిపోయాయి. మామూలు లెక్కలో ధర పెరగాలి. కానీ భయంతో జనం తినడం తగ్గించేసరికి గుడ్డు ధరా దిగింది. ఇలా దెబ్బతిన్న రైతు మళ్లీ షెడ్డు నింపడానికి వెనకాడతాడు.

బడి గుడ్డు మీద ఈ భారం ఎలా పడుతుంది?

మధ్యాహ్న భోజనంలో తెలంగాణలో వారానికి 3 గుడ్లు, ఆంధ్రప్రదేశ్‌లో 5 గుడ్లు ఇవ్వాలి. ఇచ్చే పద్ధతి మాత్రం వేరు.

తెలంగాణలో చాలాచోట్ల వంట చేసే మహిళలే గుడ్లు కొంటారు. ప్రభుత్వం గుడ్డుకు ఇంత అని నిర్ణయించిన మొత్తం తర్వాత బిల్లులో వస్తుంది. మార్కెట్ ధర అంతకంటే రూపాయి ఎక్కువైతే, 100 మంది పిల్లలున్న బడిలో వారానికి 300 రూపాయలు, నెలకు 1,200 రూపాయలు వారి మీద పడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో టెండరు దక్కించుకున్న సరఫరాదారులు గుడ్లు చేరుస్తారు. అక్కడ ధర పెరిగితే చిన్న గుడ్లు, పాత గుడ్లు రాకుండా చూసుకోవాలి. గుడ్లు పక్కదారి పట్టకుండా వాటిపై రంగు ముద్ర వేసే పద్ధతి తెచ్చారు.

జాతీయ ఆహార భద్రత చట్టం, 2013 ప్రకారం ప్రాథమిక పాఠశాల పిల్లలకు భోజనంలో 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఒక్క గుడ్డులో దాదాపు 6 గ్రాములుంటాయి. చట్టంలో గుడ్డు ప్రస్తావన లేదు, అది రాష్ట్రాలు అదనంగా ఇస్తున్నది. అందుకే బడ్జెట్‌లో గుడ్డుకు కేటాయించే మొత్తం మార్కెట్ ధరతో పాటు మారకపోతే ముందు కోత పడేది దానికే.

మీరు ఏం చేయవచ్చు?

• కొనేముందు మీ ప్రాంతపు నెక్ ధర చూడండి. అది రోజూ వెబ్‌సైట్‌లో, పత్రికల్లో వస్తుంది. దుకాణంలో రూపాయికి మించి తేడా ఉంటే ఇంకోచోట అడగండి. 30 గుడ్ల ట్రే సాధారణంగా విడి గుడ్ల కన్నా చవక.

• ప్యాక్ చేసిన గుడ్లపై గరిష్ఠ చిల్లర ధర, సంఖ్య, తేదీ ఉండాలి. అంతకంటే ఎక్కువ తీసుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

• బడిలో గుడ్డు ఇవ్వడం లేదని తెలిస్తే వంట చేసేవారిని నిందించే ముందు బిల్లులు ఎప్పటివరకు వచ్చాయో ప్రధానోపాధ్యాయుడిని అడగండి. పరిష్కారం కాకపోతే మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. అంగన్‌వాడీ అయితే సూపర్‌వైజర్‌కు, తర్వాత సీడీపీఓకు చెప్పాలి. అక్కడా స్పందన లేకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.