పాత సరుకు, కొత్త ముద్ర: పాతబస్తీ అంగళ్ల నుంచి ఒక చరిత్ర పాఠం

గురువారం నాడు పురానాపూల్ దగ్గరి జుమేరాత్ బజార్‌లో నడిచి చూడండి. జుమేరాత్ అంటే ఉర్దూలో గురువారం. సంత జరిగే రోజే సంతకు పేరయింది. అక్కడ నేల మీద పరిచిన సరుకు తన వయసును దాచుకోదు. తుప్పు పట్టిన పానాలు, మూత పోయిన మిక్సీ గిన్నెలు, తీగలు బయటికి వచ్చిన టేప్ రికార్డర్లు, గీతలు పడ్డ గేమ్ డిస్కులు అన్నీ పాతవే. అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. జనం దీన్ని చోర్ బజార్ అని కూడా పిలుస్తారు. మన పాఠానికి కావలసిన కోణం నుంచి చూస్తే మాత్రం ఇది నిజాయితీ గల బజారే, ఎందుకంటే పాతదాన్ని పాతదిగానే అమ్ముతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ ఊహించండి. అదే గేమ్ డిస్కును ఎవరో కొని, మెరుగు పెట్టి, కొత్త డబ్బాలో పెట్టి, పైన పల్చని ప్లాస్టిక్ పొర చుట్టారు. మరో అంగట్లో గాజు బీరువాలో అది 'సీల్ ప్యాక్' పేరుతో పూర్తి ధరకు చేరింది. డిస్కు మారలేదు, దాని గురించి చెప్పిన మాట మారింది. ఆ మాటను నేరంగా చూడడం ఎప్పుడు మొదలైంది? ఆ నష్టం ఎవరు భరించాలని ఏ కాలం ఏమనుకుంది? ఈ పాఠంలో మీరు పరిశీలించవలసిన ప్రశ్నలు ఇవే.

ప్రాచీన ధర్మశాస్త్రాల్లో పాత సరుకు

కౌటిల్యుని అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో వర్తకుల నుంచి ప్రజలను కాపాడడం గురించి ఒక అధ్యాయం ఉంది. అది మొదలయ్యేదే పాత సరుకుతో. పాత వస్తువులను అంగట్లో అమ్మాలన్నా, కుదువ పెట్టాలన్నా అవి తమవేనని రుజువు చూపాలి. అప్పుడే సంస్థాధ్యక్షుడు, అంటే అంగడి అధికారి, అనుమతి ఇవ్వాలి. ఈ నియమం దేనికి భయపడుతోందో గమనించండి. వస్తువు పాతదా కొత్తదా అన్నది దానికి పెద్ద సమస్య కాదు, దొంగ సొత్తా కాదా అన్నదే సమస్య. జుమేరాత్ బజార్‌కు వచ్చిన రెండో పేరు వెనుక ఉన్న అనుమానం కూడా ఇదే.

వయసును లెక్కలోకి తీసుకున్నది నారదస్మృతి. బట్టను ఒకసారి ఉతికితే విలువలో ఎనిమిదో వంతు, రెండుసార్లు ఉతికితే నాలుగో వంతు, మూడుసార్లయితే మూడో వంతు, నాలుగుసార్లయితే సగం తగ్గుతుందని అది చెబుతుంది. 24 నాణేల కొత్త బట్ట తీసుకుని లెక్క వేసి చూడండి: 21, 18, 16, 12. వాడకానికి ధర కట్టే పద్ధతి అంత పాతది. నేటి సెకండ్ హ్యాండ్ ఫోన్ల దుకాణదారు మనసులో వేసుకునే లెక్క కూడా ఇలాంటిదే.

నారదుడు మరో రెండు మాటలు చెప్పాడు. మాసిన, వాడిన బట్ట అని తెలిసి కొన్నవాడు లోపం ఉన్నా దాన్ని తిరిగి అమ్మకందారుకు ఇవ్వలేడు. కాని మంచి సరుకు చూపించి లోపమున్న సరుకు చేతిలో పెట్టినవాడు కొన్నవాడికి రెట్టింపు ధర చెల్లించాలి, అంతే మొత్తం జరిమానాగానూ కట్టాలి. పాత సరుకు అమ్మడం తప్పు కాదు, ఒకటి చూపి మరొకటి ఇవ్వడం తప్పు. ఆధునిక చట్టం ఈ తేడాను స్పష్టంగా రాసుకోవడానికి చాలా కాలం పట్టింది.

యాజ్ఞవల్క్యస్మృతి పరీక్షకు గడువులు కూడా పెట్టింది. విత్తనాలకు పది రోజులు, ఇనుముకు ఒక రోజు, బరువు మోసే పశువులకు ఐదు రోజులు, రత్నాలకు ఏడు రోజులు, పాడి పశువుకు మూడు రోజులు. అదే జాబితాలో దాసదాసీలకు కూడా గడువులున్నాయి. మనుషులను సరుకుగా చూసిన సమాజపు చట్టం ఇది అన్న సంగతి మరచి దీన్ని మెచ్చుకోకూడదు. అయినా గడువుల వెనుక ఉన్న ఆలోచన గట్టిది: ఒక్కో వస్తువు లోపం బయటపడడానికి ఒక్కో కాలం పడుతుంది. ఈ స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్యను విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలంలో రాశాడు. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన దాన్ని 'విజ్ఞానేశ్వరము' పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే న్యాయశాస్త్రం తెలుగులో చదువుతున్న మొదటి తరం మీది కాదు.

రఫూ, గంజి, ఇస్త్రీ

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాద్‌ను నెలకొల్పిన తరువాత చార్మినార్ చుట్టూ పెరిగిన అంగళ్లకు మరో న్యాయ సంప్రదాయం కూడా తోడయింది. ఇస్లామీయ నగరాల్లో అంగడి నడతను చూసే ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. సరుకులోని దాచిన లోపం బయటపడితే కొన్నవాడు దాన్ని తిరిగి ఇచ్చేయవచ్చునని ఇస్లామీయ న్యాయం చెబుతుంది.

ఈ విషయంలో అందరికన్నా సూటిగా రాసినవాడు 1111లో మరణించిన పండితుడు గజాలీ. 'ఇహ్యా ఉలూముద్దీన్' గ్రంథంలో అంగళ్లలో జరిగే చెడ్డ పనులను చెబుతూ, వాడిన బట్టలను చలువ చేసి కొత్తవని నమ్మించి అమ్మడాన్ని నిషిద్ధమన్నాడు. చిరుగును రఫూతో కప్పిపెట్టి అమ్మడాన్నీ అందులో చేర్చాడు. రఫూ అనే మాట అరబిక్ నుంచి ఫార్సీ, ఉర్దూల మీదుగా తెలుగులోకీ వచ్చింది. షేర్వానీకి పడిన రంధ్రాన్ని దారం కనబడకుండా పూడ్చే రఫూగర్ పని ఎంతో నేర్పుతో కూడినది. ఆ నేర్పు గౌరవించదగిందే. బట్ట యజమాని కోసం చేసినప్పుడు అది మరమ్మతు. అమ్మేవాడు చెప్పకుండా చేయించినప్పుడు అదే పని మోసానికి సాధనమవుతుంది. ఒక్క కుట్టు కూడా మారదు.

బట్టల అంగళ్లలో 'కోరా' అనే మాట మీరు వినే ఉంటారు. మగ్గం మీది నుంచి దిగి ఇంకా నీళ్లు తగలని బట్ట కోరా బట్ట. దాని గంజి, గరుకుదనం, మడతల గీతలు, మిల్లు బట్టయితే అంచు మీది ముద్ర, ఇవన్నీ అది కొత్తదని చెప్పే సాక్ష్యాలు. గంజి మళ్లీ పెట్టవచ్చు, ఇస్త్రీ మళ్లీ చేయవచ్చు. మిల్లు ముద్ర మళ్లీ వేయడం మాత్రం కష్టం. కొత్తదనానికి గుర్తు వస్తువులోనే కాక దాని మీద వేసిన ముద్రలో కూడా ఉండడం అలా బలపడింది. నేటి ప్లాస్టిక్ సీలు ఈ వంశంలోదే.

మొఘల్ కాలపు ఆయినె అక్బరీ కొత్వాలు విధుల్లో అంగడి వ్యవహారాన్నీ చేర్చింది. ప్రతి వృత్తికీ ఒక పెద్దను, ఒక దలాలును నియమించి, వారి ఎరుకలోనే కొనుగోళ్లు, అమ్మకాలు జరిగేలా చూడాలంది. ముగ్గురికి తెలిసి జరిగే బేరంలో పాతను కొత్తగా చూపడం కష్టం. హైదరాబాద్‌లోనూ కొత్వాలు పదవి నిజాంల కాలం చివరిదాకా నడిచింది.

ఇక్కడ కాసేపు ఆగండి. పైన చెప్పిన వాటిలో ఏ నియమం దొంగ సొత్తును అడ్డుకోవడానికి, ఏది ధర కట్టడానికి, ఏది దాచడాన్ని శిక్షించడానికి పుట్టింది? మీ నోటు పుస్తకంలో రాసుకుని ముందుకు సాగండి.

మౌనం మోసమా?

బ్రిటిష్ ఇండియాలో వచ్చిన 1872 కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ మోసాన్ని నిర్వచించింది. కేవలం మౌనంగా ఉండడం సాధారణంగా మోసం కాదని దాని వివరణ చెబుతుంది. 1930 వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ కూడా కొనేవాడే జాగ్రత్తపడాలన్న ఇంగ్లీషు సూత్రాన్ని మూలంగా తీసుకుంది. దానికి మినహాయింపులు ఉన్నాయి. ఆ రకం సరుకు అమ్మే వర్తకుడి దగ్గర వర్ణనను బట్టి కొంటే, సరుకు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలి. కాని పరీక్షించి చూసి కొన్నవాడు, ఆ పరీక్షలో తెలియవలసిన లోపం గురించి తరువాత ఫిర్యాదు చేయలేడు. నారదుడి రెట్టింపు ధర ఇక్కడ కనబడదు.

నిజాం రాజ్యానికి అప్పట్లో సొంత చట్టాలు, సొంత న్యాయస్థానాలు, హాలీ సిక్కా అనే సొంత నాణెం ఉండేవి. 1948లో హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసిన తరువాత, 1951లో పార్ట్ బి రాష్ట్రాల చట్టం ద్వారా వస్తు విక్రయ చట్టం ఇక్కడికీ విస్తరించింది. పత్తర్‌గట్టిలో బట్ట కొన్నవాడికీ, బొంబాయిలో కొన్నవాడికీ అప్పటి నుంచి ఒకే సూత్రం.

అయితే 17వ సెక్షన్‌ను పూర్తిగా చదవాలి. విద్యార్థులు తరచుగా మౌనం దగ్గరే ఆగిపోతారు. తెలిసిన విషయాన్ని చేతలతో కప్పిపెట్టడం మోసమని అదే సెక్షన్ చెబుతుంది. తెరిచిన గేమ్ డబ్బాను ఏమీ చెప్పకుండా అమ్మడం వేరు. దానికి మళ్లీ ప్లాస్టిక్ చుట్టడం వేరు. రెండోదాన్ని మౌనం అనడం నా దృష్టిలో కుదరదు. దుకాణదారు నోరు విప్పకపోయినా, అతని చేతులు 'ఇది కొత్తది' అని చెప్పేశాయి.

చట్టం పేరు పెట్టి చెప్పిన సంవత్సరం

1969 నాటి గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య పద్ధతుల చట్టం పెద్ద కంపెనీలను చూసిందే గాని, అంగట్లో మోసపోయిన మనిషిని పెద్దగా చూడలేదు. 1978లో నివేదిక ఇచ్చిన సచార్ కమిటీ ఈ కొరతను ఎత్తి చూపింది. దాని ఫలితంగా 1984 సవరణలో 36ఎ సెక్షన్ వచ్చింది. బాగుచేసిన, మళ్లీ బిగించిన, ఒకరు వాడిన, లేదా పాత వస్తువులను కొత్తవని అబద్ధంగా చూపడం అనుచిత వాణిజ్య పద్ధతి అని ఆ సెక్షన్ పేరు పెట్టి చెప్పింది. కాని ఆ కమిషన్ ఢిల్లీలో ఉంది. పాతబస్తీలో వాచీ కొని మోసపోయినవాడు ఢిల్లీ రైలెక్కుతాడా?

1986 వినియోగదారుల రక్షణ చట్టం విలువ అక్కడే తెలుస్తుంది. అది జిల్లా స్థాయికి ఫోరంను తెచ్చింది. అనుచిత వాణిజ్య పద్ధతి అర్థాన్ని మొదట పాత చట్టం నుంచే అరువు తెచ్చుకుంది, 1993 సవరణతో సొంతంగా రాసుకుంది. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన 2019 చట్టంలో అదే నిర్వచనం 2(47) సెక్షన్‌లో ఉంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత పద్ధతేనని కొత్త చట్టం చేర్చింది.

గేమ్ డబ్బా తెచ్చిన చిక్కు

ఇంతవరకు మనం చూసిన సరుకులన్నీ వాడితే అరిగేవి. వీడియో గేమ్ అలాంటిది కాదు. 1990ల నాటి క్యాట్రిడ్జ్‌లో కొన్నిటికి లోపల చిన్న బ్యాటరీ ఉండేది. పాత ఆటగాడి పేరు, అతను ఎక్కడిదాకా ఆడాడో అందులో మిగిలిపోయేది. ఆ రకంగా వస్తువే సాక్ష్యం చెప్పేది. డిస్కులు వచ్చాక గీతలే సాక్ష్యం. జాగ్రత్తగా ఆడినవాడి డిస్కులో అవీ ఉండవు.

2009లో అమెరికాలో గేమ్‌స్టాప్ అనే దుకాణాల సంస్థ మీద పత్రికల్లో చర్చ జరిగింది. ప్రదర్శన కోసం డబ్బా తెరిచి, డిస్కును గల్లా దగ్గర దాచి, చివరికి దాన్నే కొత్త ధరకు అమ్మడం ఒక విషయం. సిబ్బంది ఇంటికి పట్టుకెళ్లి ఆడి తెచ్చిన ప్రతులనూ కొత్తవిగా అమ్ముతున్నారన్నది మరో ఆరోపణ. మరుసటి ఏడాది ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ కొత్త డబ్బాల్లో ఒక్కసారే పనిచేసే కోడ్లు పెట్టడం మొదలుపెట్టి, 2013లో ఆ పద్ధతి మానేసింది. అలాంటి డబ్బాను ముందే ఎవరో తెరిచి ఆ కోడ్ వాడేస్తే, డిస్కు అద్దంలా మెరుస్తున్నా కొన్నవాడికి దక్కేది సగం సరుకే.

హైదరాబాద్‌కు ఈ రంగం కొత్తది కాదు. ప్లేస్టేషన్ 2 కోసం 2009లో విడుదలైన 'హనుమాన్: బాయ్ వారియర్' ఆటను తయారు చేసింది ఈ నగరంలోని అరోనా టెక్నాలజీస్. నగరంలో ఎలక్ట్రానిక్ సరుకు అంగళ్లు చాలామటుకు మూసీ అవతల ఉన్నాయి: కోఠీలో గుజరాతీ గల్లీ, ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్, సికింద్రాబాద్‌లో సీటీసీ. పాతబస్తీ కుర్రవాళ్లు అక్కడికే వెళ్లి కొంటారు. 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 మన దేశానికి వచ్చినప్పుడు దాని ప్రధాన ఆటల ధర ₹4,999. ఆ డబ్బు కూడబెట్టడానికి నెలలు పట్టే ఇళ్లు ఈ నగరంలో చాలా ఉన్నాయి.

అసలు చిక్కు ఇప్పుడు చూడండి. లోపలి సరుకు వాడినదని తెలియాలంటే కొన్నవాడు సీలు విప్పాలి. విప్పిన తరువాత దుకాణం అనేది ఒకే మాట: 'విప్పిన సరుకు వాపసు తీసుకోం'. ముందు ఎవరు విప్పారన్నదానికి సాక్ష్యం, మోసాన్ని కనిపెట్టిన ఆ క్షణంలోనే కొన్నవాడి చేతుల్లో చిరిగిపోయింది. దుకాణం ముందే డబ్బా తెరవడం, తెరుస్తూ ఫోన్‌లో వీడియో తీయడం నేటి కుర్రవాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం. కచ్చా కాగితం మీద రాసిచ్చిన అంకె కాకుండా, వస్తువు పేరు, 'కొత్తది' అన్న మాట ఉన్న పక్కా బిల్లు అడగడం ఇంకా పాత ఉపాయం. బిల్లుకు పన్ను కలుస్తుందని భయపెట్టి రెండు వందలు తగ్గిస్తామనే దుకాణదారు నిజానికి ఆ రెండు వందలకు మీ సాక్ష్యాన్ని కొంటున్నాడు.

బిల్లు ఉంటే దారి ఉంది. మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. రెండేళ్ల గడువు ఉంది. సరుకుకు చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే రుసుము లేదు. గల్లీలో నాలుగు కన్సోళ్లు పెట్టి గేమ్ పార్లర్ నడుపుకునే కుర్రవాడి సంగతేమిటని మీరు అడగవచ్చు. వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారు కాడన్నది సాధారణ నియమం. అయితే కేవలం స్వయం ఉపాధితో బతుకు తెరువు కోసం కొన్నవాడికి ఈ నియమం వర్తించదని 1993 సవరణ చేర్చింది. పార్లర్‌లో తానే కూర్చుని నడుపుకునేవాడు ఆ మినహాయింపును చూపి కమిషన్ మెట్లెక్కవచ్చు.

అభ్యాసం: యాజ్ఞవల్క్యుని జాబితాలో ఇనుముకు ఒక రోజు, రత్నాలకు ఏడు రోజులు ఉన్నాయి. ఆ జాబితాలో వీడియో గేమ్ డిస్కును చేర్చవలసి వస్తే మీరు ఎన్ని రోజులు ఇస్తారు? సీలు విప్పిన తరువాత ఆ గడువు నడవాలా, విప్పక ముందేనా? దుకాణదారు వైపు వాదనను కూడా పరిగణిస్తూ ఒక పేజీకి మించకుండా రాయండి.