ఆమ్లప్రియ బాక్టీరియా: శుద్ధ వర్ధనాల చరిత్ర

ఆమ్లప్రియ బాక్టీరియా పీహెచ్ 3 లేదా అంతకంటే తక్కువ ఉన్న పరిసరాల్లో బాగా పెరిగే సూక్ష్మజీవులు. గంధకపు ఊటలు, పైరైట్ ఖనిజం గాలికి తగిలిన నేలలు, బొగ్గు, రాగి గనుల నుంచి కారే ఆమ్లజలం వీటి నివాసాలు. పెరుగులోని లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పులుపును ఓర్చుకుంటాయి. వీటికి మాత్రం ఆమ్లమే జీవనాధారం. చాలా జాతులు గంధకాన్ని గానీ, ఫెర్రస్ ఇనుమును గానీ ఆక్సీకరించి శక్తి పొందుతాయి. బయట ఎంత ఆమ్లం ఉన్నా కణం లోపలి పీహెచ్‌ను తటస్థ స్థితికి దగ్గరగా నిలుపుకుంటాయి. వీటిని ఇతర జీవుల నుంచి వేరుచేసి పెంచడానికి శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు శ్రమించారు.

తొలి ఆవిష్కరణలు

1922లో అమెరికాలోని న్యూజెర్సీలో సెల్మన్ వాక్స్‌మన్, జాకబ్ జోఫీ గంధకం, రాక్ ఫాస్ఫేట్ కలిపిన కంపోస్టు నుంచి గంధకాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మార్చే బాక్టీరియాను వేరుచేశారు. దానికి థయోబాసిల్లస్ థయోఆక్సిడాన్స్ అని పేరు పెట్టారు. స్ట్రెప్టోమైసిన్‌కు గాను 1952లో నోబెల్ బహుమతి అందుకున్నది ఈ వాక్స్‌మనే.

1947లో ఆర్థర్ కోల్మర్, హింకిల్ పశ్చిమ వర్జీనియా బొగ్గు గనుల ఆమ్లజలంలో ఇనుము ఆక్సీకరణకు బాక్టీరియా కారణమని చూపారు. గని నీరు ఆమ్లంగా మారడం కేవలం రసాయన చర్య అన్న అభిప్రాయాన్ని ఈ పరిశోధన కదిలించింది. 1951లో కెన్నెత్ టెంపుల్, కోల్మర్ ఆ జీవికి థయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్ అని పేరు పెట్టారు. 1972లో మార్కోస్యాన్ ఆర్మేనియా రాగి నిక్షేపం నుంచి లెప్టోస్పైరిల్లమ్ ఫెర్రోఆక్సిడాన్స్‌ను వర్ణించాడు.

అగార్‌తో వచ్చిన చిక్కు

బాక్టీరియాను శుద్ధంగా వేరుచేసే ప్రామాణిక పద్ధతి 1880లలో రాబర్ట్ కాఖ్ ప్రయోగశాలలో రూపుదిద్దుకుంది. ఫ్యానీ హెస్సే సూచనతో వాడుకలోకి వచ్చిన అగార్ దానికి ఆధారం. గట్టిపడిన అగార్‌పై ఒక్కో కణం ఒక్కో కాలనీగా పెరుగుతుంది. ఆ కాలనీ నుంచి శుద్ధ వర్ధనం మొదలవుతుంది.

ఆమ్లప్రియ జీవుల విషయంలో ఈ పద్ధతి ఎదురుతిరిగింది. ఆమ్లంతో కలిపి వేడిచేస్తే అగార్ విచ్ఛిన్నమై సరిగా గట్టిపడదు. విడిగా కాచి కలిపినా, ఆమ్ల యానకంలో అది కొద్దికొద్దిగా విడిపోతూ చక్కెరలు విడుదల చేస్తుంది. ఇనుమును ఆక్సీకరించే అనేక జాతులకు ఇలాంటి సేంద్రియ పదార్థాలు హానికరం. సేంద్రియ ఆమ్లాలైతే మరింత ప్రమాదం: తక్కువ పీహెచ్‌లో అవి విద్యుదావేశం లేకుండా పొరను దాటి, తటస్థంగా ఉన్న కణం లోపల అయాన్లుగా విడిపోయి, దాన్ని ఆమ్లీకరిస్తాయి.

అందుకే చాలాకాలం ద్రవ యానకాలే దిక్కయ్యాయి. 1959లో సిల్వర్‌మన్, లండ్‌గ్రెన్ రూపొందించిన 9కే యానకంలో లీటరుకు సుమారు 9 గ్రాముల ఫెర్రస్ ఇనుము ఉంటుంది. దీనివల్ల పరిశోధనకు కావలసినన్ని కణాలు దొరికాయి. కానీ ద్రవంలో పెరిగినదంతా ఒకే జాతి అని చెప్పడానికి ఆధారం లేదు.

దాగి ఉన్న సహచరులు

థయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్‌ను గ్లూకోజ్‌పై పెంచవచ్చని కొన్ని నివేదికలు వచ్చాయి. 1975లో గే, సిల్వర్ ఆ జాతి వర్ధనం నుంచే గ్లూకోజ్‌పై పెరిగే మరో జీవిని వేరుచేసి థయోబాసిల్లస్ ఆసిడోఫిలస్ అన్నారు. 1981లో ఆర్థర్ హారిసన్ అలాంటి మరో పరపోషకాన్ని ఆసిడిఫిలియమ్ క్రిప్టమ్‌గా వర్ణించాడు. గ్లూకోజ్‌ను వాడుకున్నది ఈ సహచరులేనని క్రమంగా తేలింది. ఇనుము బాక్టీరియా విడిచే సేంద్రియ పదార్థాలను తిని, వాటి విషప్రభావాన్ని తగ్గిస్తూ ఇవి ఏళ్లకేళ్లు వర్ధనాల్లో కొనసాగాయి.

పరిష్కార మార్గాలు

అగార్‌కు బదులు మరింత శుద్ధమైన అగరోజ్ వాడటం ఒక మెరుగుదల. నిర్ణాయకమైన మార్గాన్ని వేల్స్‌లోని బ్యాంగర్ విశ్వవిద్యాలయంలో బ్యారీ జాన్సన్ చూపాడు. ఆయన పళ్లెంలో రెండు పొరలు పోశాడు. కింది పొరలో ఆసిడిఫిలియమ్ కణాలు ఉంటాయి, పై పొరలో ఉండవు. కింది కణాలు జెల్ నుంచి విడుదలయ్యే చక్కెరలను తినేస్తుంటే, పైన ఇనుము బాక్టీరియా తుప్పు రంగు కాలనీలుగా ఎదుగుతాయి. వర్ధనాలను కలుషితం చేసిన జీవే వాటిని శుద్ధి చేసే సాధనంగా మారింది.

తర్వాత పేర్లు కూడా మారాయి: 2000లో కెల్లీ, వుడ్ థయోబాసిల్లస్ థయోఆక్సిడాన్స్, థయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్ వంటి ప్రధాన జాతులను ఆసిడిథయోబాసిల్లస్ అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు.

జన్యుశాస్త్రం తోడ్పాటు

2004లో జిల్ బాన్‌ఫీల్డ్ బృందం కాలిఫోర్నియాలోని ఐరన్ మౌంటెన్ గని జీవపొర నుంచి, వర్ధనం చేయకుండానే, దాదాపు పూర్తి జీనోమ్‌లను పునర్నిర్మించింది. నత్రజని స్థాపన జన్యువులు అక్కడ అల్పసంఖ్యలో ఉన్న ఒక లెప్టోస్పైరిల్లమ్‌లో మాత్రమే కనిపించాయి. 2005లో నత్రజని లవణాలు లేని యానకంలో ఆ జీవిని పెంచి, లెప్టోస్పైరిల్లమ్ ఫెర్రోడయజోట్రోఫమ్‌గా వేరుచేశారు.

రాగి, బంగారు ఖనిజాలను శుద్ధిచేసే జీవ నిక్షాళన పరిశ్రమలో నేడు మిశ్రమ జనాభాలే పనిచేస్తున్నాయి. వాటిలో ఏ జీవి ఇనుమును ఆక్సీకరిస్తుందో, ఏది సేంద్రియ వ్యర్థాలను తొలగిస్తుందో తేల్చడానికి, కొత్త జాతికి అధికారికంగా పేరు పెట్టడానికి శుద్ధ వర్ధనం ఇప్పటికీ అవసరమే. ఈ జీవుల్లో చాలావాటికి సహచరుల సాయం సహజమని గుర్తించాకే, వాటిని విడదీసి పెంచే విద్య పరిశోధకులకు పట్టుబడింది.