గుంట ఓనమాలు

పలకా బలపం చేతికి రాకమునుపు మన వీధిబడుల్లో పిల్లలు గుంట ఓనమాలు దిద్దేవారు. పంతులుగారు ఇసుకలో లోతుగా అక్షరం గీస్తే, ఆ గుంటలోనే పిల్లవాడు తన వేలు నడిపించేవాడు. కన్ను చూసేది, నోరు పలికేది, చెవి వినేది, వేలికి ఇసుక గరగరమని తగిలేది. ఒక్క అక్షరం నాలుగు దారుల్లో లోపలికి చేరేది. దిద్దుడు తప్పితే బెత్తం కూడా పడేదన్నది మరువరానిది. వేలికింద ఇసుకా, వీపుమీద బెత్తమూ ఒకే అరుగుమీద ఉండేవి. పసిపిల్లల ఇంద్రియాలను చదువుకు తోడు చేసుకున్న ప్రయత్నాల చరిత్ర యావత్తూ ఈ రెంటి నడుమనే నడిచిందని నాకు తోస్తుంది.

ఆ చరిత్రలో ఒక పాయ మద్రాసులోనే మొదలయింది. 1789లో ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు పర్యవేక్షకుడయ్యాడు. ఒకనాడు దారిన పోతూ అతడు ఒక 'మలబారు' బడిని చూశాడు. ఆనాటి దొరలు తమిళులను అలా పిలిచేవారు. అక్కడ పిల్లలు నేలమీద కూర్చుని ఇసుకలో వేళ్ళతో అక్షరాలు రాస్తున్నారు. బెల్ ఆ పద్ధతిని తన ఆశ్రమంలో ప్రవేశపెట్టి, పెద్ద పిల్లలచేత చిన్నవారికి చదువు చెప్పించాడు. 1797లో లండనులో ఆ అనుభవాన్ని పుస్తకంగా అచ్చువేశాడు. కొద్దికాలానికే ఇంగ్లండు బీదపిల్లల బడుల్లోకి ఇసుక బల్లలు వచ్చాయి.

అయితే అక్కడికి చేరింది ఇసుక మాత్రమే. కాగితం ఖర్చు లేదు, ఒక్క ఉపాధ్యాయుడు వందలమందిని అదుపు చేయవచ్చు అన్న లాభమే వారికి కనబడింది. పిల్లలు వరుసల్లో కూర్చుని ఆజ్ఞ వినగానే ఒక్కసారిగా రాసి, ఆజ్ఞ వినగానే చెరిపివేసేవారు. ఆ వేలు ఏమి గ్రహిస్తున్నదో గమనించే తీరిక ఆ పద్ధతిలో లేదు.

గమనించడం మరొకచోట, మరొక కారణం చేత మొదలయింది. 1800 జనవరిలో ఫ్రాన్సు దక్షిణాన అవేరాన్ ప్రాంతపు అడవులనుండి సుమారు పన్నెండేళ్ళ బాలుడొకడు జనం మధ్యకు వచ్చాడు. మాట లేదు, బట్ట కట్టడం తెలియదు. ఆ ఏడే పారిస్ బధిరుల విద్యాలయానికి చేర్చారు. పెద్దవైద్యులు బుద్ధిమాంద్యమని తేల్చి వదలివేయగా, ఇతార్ అనే యువవైద్యుడు మాత్రం వానిని చేరదీసి విక్టర్ అని పేరు పెట్టాడు.

1801లో ఇతార్ రాసిన నివేదికలో ఒక సంగతి నేటికీ ఆలోచింపజేస్తుంది. వెనుకనుండి తుపాకి పేల్చినా ఆ పిల్లవాడు ఉలికిపడలేదట. అదే ఎవరైనా అక్రోటుకాయ చిట్లగొడితే ఠక్కున తిరిగి చూసేవాడట. అంటే చెవుల్లో లోపం లేదన్నమాట. ఏ శబ్దాన్ని లోపలికి రానివ్వాలో ఆ బుర్ర వేరుగా నిర్ణయించుకుంటున్నది. మరుగుతున్న నీటిలోనుంచి చేత్తో బంగాళాదుంప తీసుకోగల ఆ బాలునికి ఇతార్ రోజూ గంటల తరబడి వేడినీటి స్నానాలు చేయించాడు. కొన్నాళ్ళకు వాడు నీటిలో వేలు ముంచి చూసి, చాలినంత వేడి లేకపోతే దిగనని మొరాయించసాగాడు. చలి తెలిసివచ్చింది, బట్టల అవసరమూ తెలిసింది. ముందు ఇంద్రియం మేలుకోవాలి, చదువు ఆ తరువాత అన్న సూత్రం ఇక్కడ రూపుకట్టింది.

ఇతార్‌ను కేవలం మహాత్మునిగా చిత్రించడం సత్యం కాదు. పాఠాలకు విసిగి ఆ పిల్లవాడు రెచ్చిపోయినప్పుడు, ఒకసారి ఎత్తైన మేడ కిటికీలోనుంచి బయటకు వేలాడదీసి భయపెట్టి లొంగదీశానని తానే రాసుకున్నాడు. ఎంత శ్రద్ధగా గమనించిన మనిషో! ఆయన చేతిలోకీ ఏదో ఒక క్షణాన బెత్తం వచ్చింది. విక్టర్‌కు మాటలు రాలేదు. ఇతార్ పాఠాలు మానివేసిన తరువాత కూడా గేరాన్ అనే సంరక్షకురాలు వానిని తన వద్దనే ఉంచుకుని సాకింది. 1828లో అతడు మరణించాడు.

ఇతార్ శిష్యుడు సెగాన్ ఆ ప్రయత్నాన్ని ఒక పద్ధతిగా మలచి, 1846లో గ్రంథం వెలువరించాడు. కండరాలతో మొదలుపెట్టి, స్పర్శ మీదుగా, భావాలకు చేరాలన్నది ఆయన మార్గం. ఈ ఇద్దరి పుస్తకాలనూ ఇటలీలో మారియా మాంటిసోరి అనే వైద్యురాలు తన చేతితో తర్జుమా చేసి రాసుకుంది. బుద్ధిమాంద్యులనబడిన పిల్లలు ఇంత నేర్చుకోగలిగితే తక్కిన పిల్లలకు మన బడులు ఏమి చేస్తున్నట్లు? ఆమెను వేధించిన ప్రశ్న ఇదే. 1907 జనవరి 6న రోములోని శాన్ లొరెంజో పేటలో కూలివారి పిల్లల కోసం తెరిచిన 'శిశు గృహం' దానికి జవాబు. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలను అట్టమీద అంటించి, పిల్లలచేత వాటిమీద వేళ్ళు నడిపించింది. మన గుంట ఓనమాలకు అవి దగ్గరి చుట్టాలు. మనవి లోతుగా ఉండేవి, ఆమెవి ఉబ్బెత్తుగా ఉండేవి. పిల్లలు కదలడానికి ఆమె బడిలో అడ్డు లేదు. ఏ పనిముట్టుతో ఎంతసేపు ఉండాలో పిల్లవాడే తేల్చుకునేవాడు.

1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై ఆమె మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయింది. తెలుగు జిల్లాలకు కూడా నాడు అదే రాజధాని. బెల్ ఇసుకబడిని చూసి నూట యాభై ఏళ్ళయిన పిమ్మట, వేలికింది అక్షరం పారిస్, రోముల మీదుగా వేరొక దారిన అదే నగరానికి వచ్చింది. ఈసారి గమనించే కన్ను కూడా దానితో వచ్చింది.

కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం అని మనం అయిదే లెక్కిస్తాం. అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపిస్టు అయిన జీన్ అయర్స్ 1972లో ప్రచురించిన గ్రంథంలో మరి రెంటికి పెద్దపీట వేసింది. ఒకటి లోపలిచెవి ఇచ్చే తూకపు జ్ఞానం, రెండవది కండరాలూ కీళ్ళూ తెలిపే దేహజ్ఞానం. ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిగా కూడకపోతే పిల్లవానికి కుదురు ఉండదని ఆమె సిద్ధాంతం. కుక్కరు కూతకు చెవులు మూసుకునే పాప, జరీ గుచ్చుకుంటుందని పండుగనాడు కొత్తగౌను విప్పేసే పాప, చొక్కా అంచు నములుతూ పక్కవారిమీద పడుతుండే బాబు పొగరుబోతులు కానక్కరలేదు. కొందరికి లోకం మరీ గట్టిగా తగులుతుంది, కొందరికి చాలీచాలకుండా తగులుతుంది.

ఇందుకు చేయగలిగినవి చాలావరకు ఇంట్లో ఉన్నవే. కాలర్ వెనుక చీటీ కత్తిరించడం, కుక్కరు పెట్టేముందు చెప్పడం, చపాతీపిండి పిసకనివ్వడం, చిన్న బిందెతో నీళ్ళు మోయించడం, ఉయ్యాల, తొక్కుడుబిళ్ళ. బడిలోనైతే గంట కొట్టబోతున్నారని ముందే హెచ్చరించడం, పాఠానికీ పాఠానికీ నడుమ లేచి తిరగనివ్వడం, తట్టుకోలేనప్పుడు కూర్చునే ఒక నిశ్శబ్దపు మూల.

వీటిని సర్వరోగ నివారిణిగా అమ్మేవారితో జాగ్రత్తగా ఉండాలి. ఇంద్రియ చికిత్సలకు రుజువు పరిమితమేనని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లో చెప్పింది. 2014లో ప్రచురితమైన ఒక పరీక్షలో, బరువు దుప్పట్ల వల్ల ఆటిజం గల పిల్లల నిద్ర పెరగలేదని తేలింది. అయినా ఆ దుప్పటి పిల్లలకూ తల్లిదండ్రులకూ నచ్చిందట. మరోవైపు, ఇంద్రియాల అతిస్పందన, అల్పస్పందనలను 2013లో ఆటిజం నిర్ధారణ లక్షణాల్లో చేర్చారు. కనుక పిల్లల బాధ నిజం, మందు మాత్రం ఒక్కొక్కరికీ వేరు. ఒకటి చేసి చూడాలి, పిల్లవాడు తేరుకున్నాడా అని గమనించాలి, లేకపోతే మానాలి. ఆందోళన మిగిలితే వైద్యుని అడగాలి.

రెండు వందల ఏళ్ళుగా ఇసుక మారుతూ వచ్చింది. గరుకు కాగితమైంది, ఉయ్యాల అయింది, దుప్పటి అయింది. వస్తువును పట్టుకుని పిల్లవానిని మరచిన ప్రతిసారీ అది కవాతుగా మారింది. రేపు ఏ పిల్లవాడైనా మన ఎదుట చెవులు మూసుకుంటే, చెయ్యి లాగి కూర్చోబెట్టేముందు, వానికి ఏది వినబడుతున్నదో ఒక్క నిమిషం మనమూ విందాం.