కంపెనీ వేసిన లెక్క

కోవిల్‌పట్టిలో తిరునెల్వేలి బస్సు ఎక్కితే అరగంటలో కయత్తారు వస్తుంది. అక్కడ వీరపాండ్య కట్టబొమ్మన్ విగ్రహం ఉంది. ఆ ఊరు దాటే ప్రతిసారీ మా అవ్వ చెయ్యెత్తి మొక్కుతుంది. "మన భాష మాట్లాడినోడురా" అంటుంది. ఆ వెంటనే ఎట్టయపురం వాళ్ళని తిడుతుంది. "వాళ్ళ ఇంట్లోనూ తెలుగే కదవ్వా?" అని నేనడిగితే మాట మార్చేస్తుంది.

అవ్వ కథలో ఒక వీరుడు, ఒక ద్రోహి ఉంటారు. చరిత్ర పాఠం చదివాక నాకు మూడో మనిషి కనిపించాడు. వాడు దూరాన కూర్చుని లెక్క వేస్తున్నాడు. వాడే ఈస్టిండియా కంపెనీ.

ఆర్కాటు నవాబు కంపెనీకి బాగా బాకీ పడ్డాడు. అందువల్ల 1792 ఒప్పందంతో మన ప్రాంతపు పాళెగాళ్ళ దగ్గర కప్పం వసూలు చేసే హక్కు కంపెనీకి పోయింది. కంపెనీ యజమానులు లండన్‌లో, గవర్నర్ జనరల్ కలకత్తాలో, గవర్నరు మద్రాసులో ఉండేవారు. పాంచాలంకురిచ్చి మనకు పుట్టిన నేల. వాళ్ళకు మాత్రం జమాఖర్చు పుస్తకంలో ఒక వరుస.

1798 మే చివరికి కట్టబొమ్మన్ 3310 వరహాలు బాకీ ఉన్నాడు. కలెక్టర్ జాక్సన్ రమ్మని కబురు పెట్టాడు. కట్టబొమ్మన్ కుట్రాలం వెళ్ళాడు, ఇప్పుడు విరుదునగర్ జిల్లాలో ఉన్న శ్రీవిల్లిపుత్తూరుకూ వెళ్ళాడు. రెండు చోట్లా కలెక్టర్ కలవలేదు. చివరికి సెప్టెంబర్‌లో రామనాథపురంలో కలిసినప్పుడు గంటల తరబడి నిలబెట్టి అవమానించారు. గొడవ జరిగింది. లెఫ్టినెంట్ క్లార్క్ చనిపోయాడు. కట్టబొమ్మన్ తప్పించుకున్నాడు, మంత్రి శివసుబ్రమణ్య పిళ్ళై దొరికిపోయాడు.

కంపెనీ అధికారి చనిపోయాడు కాబట్టి వెంటనే సైన్యం వస్తుందని ఎవరైనా అనుకుంటారు. రాలేదు! మద్రాసు ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. కట్టబొమ్మన్ తప్పు లేదని తేలింది. పిళ్ళైని వదిలేశారు, జాక్సన్ ఉద్యోగం పోయింది. అప్పటికి బాకీ 1080 వరహాలే మిగిలింది.

ఇంత మంచితనం ఎందుకు? అదే ఏడాది మిగతా లోకంలో ఏం జరుగుతోందో చూడాలి. 1798 జూలైలో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. మైసూరులో టిప్పు సుల్తాన్ ఫ్రెంచివాళ్ళ సాయం కోరుతున్నాడు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ మైసూరు మీద యుద్ధానికి సిద్ధమవుతున్నాడు. అలాంటప్పుడు దక్షిణాన ఇంకో యుద్ధం కంపెనీకి అవసరమా? విచారణ చేసినవాళ్ళు నిజాయితీగానే చేసి ఉండొచ్చు. కానీ ఆ రోజుల్లో న్యాయం చెప్పడం కంపెనీకి లాభం కూడా అని నాకనిపిస్తుంది.

1799 మే 4న శ్రీరంగపట్టణం పడిపోయింది, టిప్పు చనిపోయాడు. అదే నెలలో తిరునెల్వేలికి సైన్యం కదలాలని వెల్లస్లీ ఆజ్ఞ ఇచ్చాడు. ఇక్కడ అసలు భయం వరహాల గురించి కాదు. కట్టబొమ్మన్ శివగంగ మరుదు సోదరులతో చేతులు కలపబోయాడు. పాళెయాలన్నీ ఒకటైతే కప్పమే రాదు. సెప్టెంబర్ 5న మేజర్ బానర్‌మన్ కోట మీద పడ్డాడు. తప్పించుకున్న కట్టబొమ్మన్‌ని పుదుక్కోట రాజు పట్టి అప్పగించాడు. అక్టోబర్‌లో కయత్తారులో మిగతా పాళెగాళ్ళను పిలిపించి, వాళ్ళ కళ్ళ ముందే ఉరి తీశారు. ఎందుకు పిలిపించారు? ఒక్క ఉరితో భయపెడితే, మిగతా కోటల మీద యుద్ధం ఖర్చు తప్పుతుంది. తర్వాత కొన్ని పాళెయాలను లాక్కున్నారు. మన సాత్తూరు వైపున్న ఏళాయిరంపణ్ణై, కొల్వార్‌పట్టి కూడా అందులో ఉన్నాయి.

కంపెనీ లెక్క ప్రతిసారీ సరిపోలేదు. 1801 ఫిబ్రవరిలో తమ్ముడు ఊమైదురై పాళయంకోట జైలు నుంచి తప్పించుకుని, కూల్చిన కోటను మళ్ళీ లేపాడు. మార్చిలో దాడి చేసిన కంపెనీ సైన్యం ఓడింది. పెద్ద సైన్యం తెచ్చి, మే నెలలో గానీ కోట పట్టుకోలేకపోయారు. ఆ జూలైలో కర్ణాటక ఒప్పందంతో ఈ సీమ మొత్తం కంపెనీదే అయింది.

మరి ఎట్టయపురం? వాళ్ళకు పాంచాలంకురిచ్చితో సరిహద్దు తగాదా ఉంది. కంపెనీ వైపు నిలబడ్డారు, పాంచాలంకురిచ్చి భూమిలో వాటా దొరికింది. కానీ చివరికి సొంత సైన్యం లేని జమీందారులుగా మిగిలారు. పుదుక్కోట, ఎట్టయపురం, అందరూ లెక్క వేసుకున్నవాళ్ళే. కాకపోతే ఒక్కొక్కరు తమ పొలిమేర వరకే చూశారు. కంపెనీ ఈజిప్టు దాకా చూసింది.

ఇప్పుడు కూడా ఎక్కడో జరిగే యుద్ధంలో పెద్ద దేశం ఒకటి శాంతి మాటలు చెబితే, ఇంకోసారి సైన్యం పంపితే, "ఈ దేశానికి ఇంకెక్కడ పని ఉంది?" అని అడగాలి. మంచి, చెడ్డ అని ముందే తీర్పు చెప్పేస్తే ఆ లెక్క మనకు కనిపించదు.

ఇదంతా మా అవ్వకు చెప్పాను. మొత్తం విని, "అయితే ఆ టిప్పు ఇంకో రెండేళ్ళు నిలబడుంటే మనోడు బతికేవాడేమో" అంది. మా ఇంట్లో ఎవ్వరూ అప్పటిదాకా ఆ మాట అనుకోలేదు.